మిలిటరీ పోలీసు నుంచి ఊరి పోలీసుకు: అమెరికాలో మారేవాళ్లు ముందే సర్దుకోవాల్సినవి

అమెరికా సైన్యంలో మిలిటరీ పోలీసుగా చేసినవాళ్లలో చాలామంది, బయటికి రాగానే పోలీసు ఉద్యోగం చేతికందినట్టే అనుకుంటారు. పెట్రోలింగు కారు, నడుముకు తుపాకీ, సంకెళ్లు, రేడియో, రిపోర్టులు... చూడ్డానికి పని ఒకటే కదా మరి. కానీ మీ మిలిటరీ పోలీసు ఉద్యోగ కోడ్ ఆర్మీలో 31బీ అయినా, మెరైన్లలో 5811 అయినా, ఎయిర్‌ఫోర్స్ సెక్యూరిటీ ఫోర్సెస్ అయినా, నేవీలో మాస్టర్ ఎట్ ఆర్మ్స్ అయినా, ఆ శిక్షణ దానంతటదే రాష్ట్ర పోలీసు లైసెన్సుగా మారదు. లైసెన్సు ఇచ్చేది ఆయా రాష్ట్రాల పోస్ట్ కమిషన్, అంటే పోలీసు ప్రమాణాలు, శిక్షణ చూసే సంస్థ. పేరు రాష్ట్రానికొకటి ఉంటుంది, టెక్సస్‌లో దాన్ని టీకోల్ అంటారు. ఆ కమిషన్ అడిగేది మీ ర్యాంకు కాదు. ఏ సబ్జెక్టులో ఎన్ని గంటల శిక్షణ, రోడ్డు మీద ఎన్ని నెలల పని, దానికి కాగితమేది అని అడుగుతుంది. ఆ కాగితాలన్నీ యూనిఫాంలో ఉండగా తేలిగ్గా దొరుకుతాయి, విప్పేశాక ఒక్కోదానికీ నెలలు పడుతుంది.

ఏడాది ముందే మొదలెట్టండి

సర్వీసు ముగిసే తేదీకి కనీసం 365 రోజుల ముందు ట్యాప్ (సైన్యం నుంచి పౌర జీవితానికి సిద్ధం చేసే) కార్యక్రమం మొదలుపెట్టాలన్నది చట్టమే. క్లాసుల్లో కునుకు తీసినా, వ్యక్తిగత కౌన్సెలింగులో మాత్రం పోలీసు ఉద్యోగమే గమ్యమని నమోదు చేయించండి. తర్వాత స్కిల్‌బ్రిడ్జి, అంటే బయటి సంస్థలో శిక్షణ, అడిగేటప్పుడు అదే పనికొస్తుంది.

ఏడాది ఎందుకంటే, ఓ మోస్తరు నగర పోలీసు శాఖలో దరఖాస్తు నుంచి అకాడమీ మొదటి రోజు దాకా ఆరు నెలలు పట్టడం మామూలే, ఏడాది పట్టినా ఆశ్చర్యపోవద్దు. రాతపరీక్ష, దేహదారుఢ్య పరీక్ష, ఓరల్ బోర్డు (అధికారుల బృందం చేసే ఇంటర్వ్యూ), బ్యాక్‌గ్రౌండ్ విచారణ, చాలాచోట్ల పాలిగ్రాఫ్, షరతులతో కూడిన ఆఫర్, ఆపైన సైకలాజికల్, మెడికల్ పరీక్షలు ఒకదాని తర్వాత ఒకటి వస్తాయి. ప్రతిదానికీ స్వయంగా వెళ్లాలి. మీరు వేరే రాష్ట్రంలో బేస్ మీద ఉంటే సెలవులన్నీ దానికే పోతాయి. అందుకే దరఖాస్తుకు ముందే రిక్రూటింగు యూనిట్‌కు ఫోన్ చేసి, దూరం నుంచి వచ్చేవాళ్లకూ సైనికులకూ పరీక్షలన్నీ ఒకే వారాంతంలో పెడతారా అని అడగండి. చాలా శాఖలు పెడతాయి, కానీ అడగనివాళ్లకు చెప్పవు.

స్కిల్‌బ్రిడ్జి కింద చివరి 180 రోజుల్లోపు, సైన్యం జీతం తీసుకుంటూనే బయటి సంస్థలో శిక్షణ పొందొచ్చు. కొన్ని పోలీసు శాఖలు ఈ దారిలోనే మనుషుల్ని అకాడమీలోకి తీసుకుంటున్నాయి. చిక్కు రెండుచోట్ల. మొదటిది కమాండర్ అనుమతి: అది హక్కు కాదు, యూనిట్ అవసరాన్ని బట్టి రోజులు తగ్గించొచ్చు, పూర్తిగా కాదనొచ్చు. రెండోది తేదీలు: అకాడమీ బ్యాచ్ మీ డిశ్చార్జి కోసం ఆగదు. బ్యాచ్ తేదీ ముందు తెలుసుకుని, అక్కడి నుంచి వెనక్కి లెక్కేసి, టెర్మినల్ లీవు (డిశ్చార్జికి ముందు వాడుకునే మిగిలిన సెలవు) కూడా కలిపి, అప్పుడు కమాండర్ దగ్గరికి వెళ్లండి.

పౌరసత్వం ఇంకా రానివాళ్లు ఈ ఏడాదిలోనే పౌరసత్వ దరఖాస్తు ఎన్-400 పూర్తిచేసుకోండి. సైనిక సేవ ఆధారంగా వేసే దరఖాస్తుకు ఫీజు లేదు, సర్వీసును ధ్రువీకరించే ఎన్-426 మీద సంతకం కూడా లోపల ఉండగా తేలిక. చాలా రాష్ట్రాల్లో పోలీసు ఉద్యోగానికి, దాదాపు అన్ని ఫెడరల్ ఉద్యోగాలకూ పౌరసత్వం తప్పనిసరి.

డీడీ 214 మీద సంతకం పెట్టే ముందు

డీడీ 214 అంటే సైన్యం ఇచ్చే డిశ్చార్జి పత్రం. దాని ముసాయిదా చేతికివ్వగానే సంతకం పెట్టేసి వచ్చేయాలని అందరికీ ఉంటుంది. ఆగి రెండు గళ్లు చదవండి. 11వ గడిలో మీ స్పెషాలిటీ, అందులో ఎన్నేళ్లు చేశారో ఉంటుంది. 14వ గడిలో మీరు చేసిన మిలిటరీ కోర్సులుంటాయి. మిలిటరీ పోలీసు స్కూలున్న ఫోర్ట్ లెనర్డ్ వుడ్‌లో చేసిన ట్రాఫిక్ దర్యాప్తు కోర్సో, ఇంకో ప్రత్యేక శిక్షణో 14వ గడిలోకి ఎక్కకపోతే పోస్ట్ కమిషన్ దృష్టిలో అది మీరు చేయనట్టే. సంతకానికి ముందైతే గుమస్తా ఐదు నిమిషాల్లో దిద్దుతాడు. తర్వాతైతే డీడీ 215 అనే సవరణ పత్రం కోసం అర్జీ పెట్టుకుని నెలల తరబడి ఎదురుచూడాలి.

డీడీ 214 ప్రతుల్లో పోలీసు శాఖలు అడిగేది మెంబర్-4 కాపీ. డిశ్చార్జి ఎలాంటిది, ఎందుకు, రీ-ఎంట్రీ కోడ్ (మళ్లీ సైన్యంలో చేరే అర్హత తెలిపేది) ఏంటి అన్నవి ఉండేది అందులోనే. మెంబర్-1 కాపీలో ఇవేవీ ఉండవు. అది పంపితే ఏదో దాస్తున్నారని అనుమానం వస్తుంది. మీ దగ్గర ఉన్నది పోతే సెయింట్ లూయిస్‌లోని జాతీయ సిబ్బంది రికార్డుల కేంద్రానికి ఎస్‌ఎఫ్-180 పంపి తెప్పించుకోవచ్చు.

దీనితోపాటు డీడీ 2586, అంటే మీ సైనిక అనుభవాన్నీ శిక్షణనూ ధ్రువీకరించే వీమెట్ పత్రం, దించుకోండి. కాలేజీ క్రెడిట్ల కోసం ఆర్మీ, నేవీ, మెరైన్, కోస్ట్‌గార్డ్ వాళ్లకు జాయింట్ సర్వీసెస్ ట్రాన్స్‌క్రిప్టు, ఎయిర్‌ఫోర్స్ వాళ్లకు తమ కమ్యూనిటీ కాలేజీ ట్రాన్స్‌క్రిప్టు ఉంటాయి. ఇవన్నీ అందరూ తెచ్చుకునేవే. అసలు తేడా తెచ్చేది ఇంకోటుంది: ప్రతి కోర్సులో సబ్జెక్టు వారీగా ఎన్ని గంటలో చూపే సిలబస్. కాలిఫోర్నియాలో పోలీసు అకాడమీ రెగ్యులర్ బేసిక్ కోర్సుకు కనీసం 664 గంటలు కావాలి. మీ శిక్షణ దానికి సమానమా కాదా అని చూసే అధికారి మీ సర్టిఫికెట్‌ను దానితో పోల్చి, సోదా చట్టానికి ఎన్ని గంటలు, వాహనం నడపడానికి ఎన్ని, గృహహింస కేసులకు ఎన్ని అని గీతలు గీస్తూ పోతాడు. సర్టిఫికెట్ మీద కోర్సు పేరు తప్ప గంటలు ఉండవు. సిలబస్ లేకపోతే అతను సున్నా వేస్తాడు.

ఇంకో కాగితం ప్రొవోస్ట్ మార్షల్ (బేస్ మీద మిలిటరీ పోలీసు అధిపతి) ఆఫీసు నుంచో, కమాండర్ నుంచో తీసుకునే మెమో. రోడ్డు పెట్రోలు ఎన్ని నెలలు, గేటు డ్యూటీ ఎన్ని నెలలు, దర్యాప్తు విభాగం ఎన్ని నెలలు, విదేశీ మోహరింపు ఎన్ని నెలలు అని విడివిడిగా రాయించుకోండి. ఇక్కడ నిజాయితీ అవసరం. ఎన్నో ఎంపీ (మిలిటరీ పోలీసు) కంపెనీలు కాన్వాయ్ భద్రత, బేస్ భద్రత పనుల్లోనే ఏళ్లు గడుపుతాయి. నాలుగేళ్ల ఎంపీ సర్వీసులో కారెక్కి కాల్స్‌కు వెళ్లింది ఎనిమిది నెలలే అయితే ఎనిమిదనే చెప్పండి. బోర్డులో కూర్చునేవాళ్లలో మాజీ ఎంపీలు ఉంటారు, రెండు ప్రశ్నల్లో పట్టేస్తారు.

అనుభవం చూపిద్దామని పాత కేసు రిపోర్టుల నకళ్లు మాత్రం వెంట తెచ్చుకోకండి. అందులో బాధితుల, నిందితుల వివరాలుంటాయి, బయటికి తేవడమే తప్పు. పేర్లు లేకుండా లెక్క రాసుకుంటే చాలు: ట్రాఫిక్ ప్రమాదాలు ఎన్ని, గృహహింస కాల్స్ ఎన్ని, కోర్టులో సాక్ష్యం ఎన్నిసార్లు.

పూర్తి అకాడమీయా, అడ్డదారా

మాజీ మిలిటరీ పోలీసులకు కొన్ని రాష్ట్రాలు మినహాయింపులిస్తాయి. తగినన్నేళ్ల ఎంపీ సర్వీసు ఉన్నవాళ్లు నేరుగా రెసిప్రాసిటీ పరీక్ష (బయటి అనుభవాన్ని గుర్తించి లైసెన్సుకు పెట్టే పరీక్ష) రాసే వీలును మిన్నెసోటా చట్టంలోనే పెట్టింది. మరికొన్ని రాష్ట్రాలు పొట్టి కోర్సు పెడతాయి, చాలా రాష్ట్రాలు పూర్తి అకాడమీ చేయాల్సిందే అంటాయి. ముందు ఏ రాష్ట్రంలో స్థిరపడాలో తేల్చుకుని, ఆ పోస్ట్ కమిషన్‌కు ఈమెయిల్ రాసి, జవాబు రాతపూర్వకంగా తీసుకోండి. రిక్రూటర్ నోటిమాట మీద ఇల్లు అద్దెకు తీసుకోకండి.

మా సలహా అడిగితే, శాఖ ఉద్యోగంలో చేర్చుకుని జీతమిస్తూ అకాడమీకి పంపుతానంటే, మినహాయింపు ఉన్నా పూర్తి అకాడమీనే ఎంచుకోండి. ఆ రాష్ట్రపు నేర చట్టం, ట్రాఫిక్ కోడ్, అక్కడి బాల నేరస్తుల విధానం మీకు రావు. పొట్టి కోర్సుతో నెట్టుకొచ్చినవాళ్లు ఆ లోటును అకాడమీ తర్వాత రోడ్డు మీద జరిగే ఫీల్డ్ ట్రైనింగులో, ప్రతిరోజూ మార్కులు పడుతున్నప్పుడు పూడ్చుకోవాల్సి వస్తుంది.

డబ్బు సంగతి చాలామందికి తెలియదు. శాఖ జీతమిస్తూ ఇచ్చే శిక్షణను ఆ రాష్ట్ర అప్రూవింగ్ ఏజెన్సీ ఆన్-ద-జాబ్ ట్రైనింగుగా ఆమోదించి ఉంటే, జీతంతోపాటు మాజీ సైనికుల చదువు, శిక్షణ పథకమైన పోస్ట్-9/11 జీఐ బిల్ కింద ఇంటి భత్యం కూడా వస్తుంది. పూర్తి అర్హత ఉన్నవాళ్లకు మొదటి ఆరు నెలలు నూరు శాతం, తర్వాతి ఆరు నెలలు 80, ఆపైన 60, 40, 20 అలా తగ్గుతుంది. దరఖాస్తు ఫారం 22-1990. శాఖ హెచ్‌ఆర్‌కు ఈ విషయం తెలియకపోవడం సహజం, ట్రైనింగ్ యూనిట్ సార్జెంటును అడగండి. ఇంకా ఆమోదం లేకపోతే తెచ్చుకోమని అడగొచ్చు.

గేటు దాటగానే మారే చట్టం

ఓరల్ బోర్డులో, అకాడమీలో, ఫీల్డులో మాజీ ఎంపీలు ఎక్కువగా తడబడేది ఇక్కడే. తెలియక కాదు, అలవాటు వల్ల.

ప్రశ్నించడమే తీసుకోండి. సైన్యంలో సైనిక న్యాయస్మృతి ఆర్టికల్ 31(బి) ప్రకారం, ఒకరి మీద అనుమానం వచ్చి ప్రశ్నించాలనుకున్న క్షణమే ఏ నేరం గురించి అడుగుతున్నారో చెప్పి, మౌనంగా ఉండే హక్కు వినిపించాలి. అతను అదుపులో ఉన్నాడా లేదా అన్నది లెక్కలోకి రాదు. బయట 1966 నాటి మిరాండా తీర్పు వేరే చోట గీత గీసింది: అదుపు, ప్రశ్నించడం రెండూ కలిస్తేనే హెచ్చరిక. బోర్డులో ఇచ్చే మామూలు సన్నివేశం ఇలా ఉంటుంది: రాత్రి పదకొండింటికి పార్కింగు స్థలంలో పగిలిన కారద్దం పక్కన ఒకతను నిలబడి ఉన్నాడు, ఏం చేస్తారు? మాజీ ఎంపీ టక్కున, "ముందు హక్కులు చదివి వినిపిస్తాను" అంటాడు. అది చట్టవిరుద్ధం కాదు, కానీ అవసరం లేదు. "ఇక్కడేం చేస్తున్నారు, ఈ కారు మీదేనా" అని అడగడానికి అడ్డే లేని చోట, అతని నోరు మీరే మూయించినట్టవుతుంది. 1968 నాటి టెర్రీ తీర్పు ప్రకారం సహేతుకమైన అనుమానం ఉంటే కాసేపు ఆపొచ్చు, ఆయుధం ఉందన్న అనుమానం ఉంటే పైపైన తడిమి చూడొచ్చు. ఈ వరస నోటికి రావాలి.

సోదా సంగతి ఇంకా పెద్దది. బ్యారక్స్ గదిని వెతకాలంటే తగిన కారణం చూపి కమాండర్ అనుమతి తీసుకుంటారు, అర్ధరాత్రి ఫోన్‌లోనైనా సరే. హెల్త్ అండ్ వెల్ఫేర్ తనిఖీ పేరుతో అంతస్తంతా చూడొచ్చు. గేటు దగ్గర వాహనం ఆపడానికి కారణమే అక్కర్లేదు. బయట ఇందులో ఒక్కటీ లేదు. కమాండర్ స్థానంలో జడ్జి ఉంటాడు, ఫోన్ కాల్ స్థానంలో ప్రమాణపూర్వక అఫిడవిట్ ఉంటుంది, తనిఖీకి సరితూగేది ఏదీ ఉండదు. ఇంట్లో ఉన్న మనిషిని మామూలుగా అరెస్టు చేయాలన్నా వారెంటు కావాలని 1980లో పేటన్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. గొడవ కాల్‌కు వెళ్లి తలుపు తీయగానే లోపలికి అడుగేసే అలవాటు బేస్ క్వార్టర్స్ నుంచి వచ్చిందైతే, దాన్ని గడప దగ్గరే మానుకోవాలి. ఇంటివాళ్ల సమ్మతో, లోపల ఎవరికో ప్రాణాపాయమో ఉంటేనే లోపలికి. ఆ కారణాన్ని రిపోర్టులో మొదటి పేరాలోనే రాయాలి.

మాట వినకపోతే ఫస్ట్ సార్జెంటుకు (యూనిట్‌లో క్రమశిక్షణ చూసే పెద్ద సార్జెంటుకు) ఫోన్ చేస్తానంటే బేస్ మీద సగం గొడవలు సద్దుమణుగుతాయి. ఊళ్లో ఎవరికీ ఫస్ట్ సార్జెంటు ఉండడు. పోలీసును తిట్టడం చాలావరకు నేరం కూడా కాదు. బలప్రయోగానికి కొలబద్ద 1989 నాటి గ్రాహం వర్సెస్ కానర్ తీర్పు, పారిపోయేవాడి మీద కాల్పులకు 1985 నాటి టెనెసీ వర్సెస్ గార్నర్ తీర్పు. మోహరింపులో నేర్చుకున్న రూల్స్ ఆఫ్ ఎంగేజ్‌మెంట్ (యుద్ధరంగంలో ఎప్పుడు కాల్చొచ్చో చెప్పే నియమాల) భాష బోర్డు ముందు వాడితే ఆ ఇంటర్వ్యూ అక్కడితో సరి.

మీకు పైచేయి ఉన్న చోటూ ఒకటుంది. బేస్ మీద సివిలియన్లకు డీడీ 1805 అనే ఉల్లంఘన నోటీసు రాసి, ఆ కేసు ఫెడరల్ మేజిస్ట్రేట్ ముందు నడిపించినవాళ్లు దాన్ని గట్టిగా చెప్పుకోవాలి. డీడీ 1408 కమాండర్ బల్ల మీదికి పోయే చీటీ, 1805 కోర్టుకు పోయే కేసు. రెండింటినీ కలిపి "టికెట్లు" అని రాసేస్తే విలువైన అనుభవం మాయమైపోతుంది.

రెజ్యూమే, బ్యాక్‌గ్రౌండ్ ప్యాకెట్

ఆర్మీ ఫారాల నంబర్లతో "డీఏ 3975లు, 2823లు పూర్తిచేశాను" అని రాస్తే సివిల్ శాఖలో ఎవరికీ అర్థం కాదు. "నేర సంఘటన రిపోర్టులు రాశాను, సాక్షుల నుంచి ప్రమాణపూర్వక వాంగ్మూలాలు నమోదు చేశాను" అని రాసి పక్కన అంకె వేయండి. "టీమ్ లీడర్" అంటే "షిఫ్టులో ముగ్గురు పెట్రోలు అధికారుల పర్యవేక్షణ" అని విప్పండి.

పర్సనల్ హిస్టరీ స్టేట్‌మెంటు ముప్పై పేజీలైనా ఉండొచ్చు. గత పదేళ్ల చిరునామాలు, పైఅధికారులు, అప్పులు, తాగుడు, మత్తుమందులు, విడాకులు అన్నీ అడుగుతుంది. సైనికుడికి ఇందులో ప్రత్యేకమైన తలనొప్పి మనుషులు దొరక్కపోవడం. మీ పాత స్క్వాడ్ లీడర్ జర్మనీకి బదిలీ అయ్యుంటాడు, సైన్యం ఇచ్చిన ఈమెయిల్ ఎప్పుడో మూతపడి ఉంటుంది. విచారణాధికారి మూడుసార్లు ఫోన్ చేసి ఎవరూ ఎత్తకపోతే మీ ఫైలు అడుక్కి పోతుంది. యూనిట్ వదిలేలోపే ప్రతి పైఅధికారి సొంత ఫోన్ నంబరు, సొంత ఈమెయిలు తీసి పెట్టుకోండి.

ఆర్టికల్ 15 (కోర్టు లేకుండా కమాండర్ వేసే శిక్ష), లిఖిత మందలింపు, ర్యాంకు కోత ఏదున్నా రాయండి. ఆర్టికల్ 15 క్రిమినల్ శిక్ష కాదు కదా అని వదిలేసినవాళ్లు పాలిగ్రాఫ్ గదిలో దొరికిపోతారు. తప్పుకంటే దాచడమే ఉద్యోగాన్ని పోగొడుతుంది. కొన్నిటికి మాత్రం ఏ వివరణా పనికిరాదు: గృహహింస కేసులో చిన్న నేరం కింద శిక్షపడినా, 1996 నాటి లాటెన్‌బర్గ్ సవరణ ప్రకారం తుపాకీ పట్టే అర్హత పోతుంది, పోలీసులకు మినహాయింపు లేదు. డిజానరబుల్ డిశ్చార్జి అయినా చట్టం ప్రకారం తుపాకీ ఉంచుకునే అర్హత పోతుంది.

అన్నిటికన్నా తెలియకుండా దెబ్బతీసేది "టైట్లింగ్". సీఐడీ లాంటి మిలిటరీ దర్యాప్తు సంస్థ ఒక కేసులో మీ పేరు అనుమానితుడిగా ఎక్కిస్తే, తర్వాత ఏ చర్యా లేకపోయినా ఆ పేరు రికార్డులో ఉండిపోతుంది. ఒక్కోసారి ఎఫ్‌బీఐ రికార్డుల్లో అరెస్టు అయినట్టు కనిపిస్తుంది. "ఎప్పుడైనా అరెస్టయ్యారా" అన్న ప్రశ్నకు మీరు నిజాయితీగా "లేదు" అంటారు, కంప్యూటర్ "అవును" అంటుంది. ఏదైనా విచారణలో మీ పేరు వినిపించిందని గుర్తుంటే, దరఖాస్తుకు ముందే ప్రైవసీ యాక్ట్ కింద ఆ సంస్థ నుంచి మీ రికార్డు అడగండి, ఎఫ్‌బీఐ నుంచి మీ సొంత చరిత్ర పత్రం తెప్పించుకోండి. తప్పుగా ఎక్కితే తొలగించమని అర్జీ పెట్టే పద్ధతి ఉంది.

వీఏ (మాజీ సైనికుల వ్యవహారాల శాఖ) ఇచ్చే డిజబిలిటీ రేటింగ్ దానికదే అనర్హత కాదు. షరతులతో కూడిన ఆఫర్ ఇచ్చేదాకా శాఖ ఆరోగ్యం గురించి అడగకూడదు కూడా. ఆఫర్ తర్వాత అడుగుతారు, అప్పుడు మాటలు పొసగాలి. చెవులు సరిగా వినపడవని, మోకాలు మడవలేనని వీఏకు చెప్పి, శాఖ డాక్టరు ముందు "అంతా బాగుంది" అంటే, రెండు కాగితాలూ ఒకే బల్ల మీదికి వచ్చిన రోజు మీరు అబద్ధాలకోరు అవుతారు. ఉన్నది ఉన్నట్టు చెప్పి, పనికి అడ్డు రాదని చూపే ఇటీవలి వైద్య పరీక్ష తెచ్చుకోండి.

దేహదారుఢ్యం గురించి పెద్దగా చెప్పక్కర్లేదు. ఒకటిన్నర మైలు పరుగుకు మీకు ఇబ్బంది ఉండదు. చాలాచోట్ల ఉండే 300 మీటర్ల పరుగు మాత్రం విడిగా సాధన చేయండి, దూరం పరిగెత్తే అలవాటున్నవాళ్లు అందులోనే తప్పుతారు.

ఫెడరల్ వైపు చూస్తే

ఫెడరల్ ఉద్యోగాల వెబ్‌సైటు యూఎస్‌ఏజాబ్స్‌లో ఉద్యోగ కోడ్ 0083 అంటే యూనిఫాం పోలీసు, 1811 అంటే క్రిమినల్ ఇన్వెస్టిగేటర్. అర్హతను బట్టి 5 లేదా 10 పాయింట్ల వెటరన్ ప్రాధాన్యం ఉంటుంది. ఇంకా సర్వీసులో ఉన్నా, 120 రోజుల్లోపు గౌరవప్రదంగా విడుదలవుతారని యూనిట్ ఇచ్చే పత్రంతో ఆ ప్రాధాన్యం అడగొచ్చు.

ఇక్కడ చూసుకోవాల్సింది పింఛను. 1811 లాంటి ఉద్యోగాలకు ఇరవై ఏళ్లతో త్వరగా రిటైరయ్యే ప్రత్యేక పథకం ఉంది, అందుకే వాటిలో చాలావాటికి 37 ఏళ్లు నిండకముందే చేరాలన్న నియమం. ప్రాధాన్య అర్హత ఉన్న వెటరన్లకు సడలింపు దారి ఉంది. ఆర్మీ బేస్‌లలో, వీఏ ఆసుపత్రుల్లో ఉండే 0083 ఉద్యోగాల్లో ఎక్కువవాటికి ఈ పథకం వర్తించదు. పని అదే, తుపాకీ అదే, రిటైర్మెంటు మాత్రం మామూలు గుమస్తాతో సమానం. ఆఫర్ లెటర్‌లో ఏ పథకమో అడిగి తెలుసుకున్నాకే సంతకం పెట్టండి. చేరాక, సైన్యంలో తీసుకున్న మూలవేతనం మీద సుమారు 3 శాతం కట్టి ఆ ఏళ్లను ఫెడరల్ పింఛనులో కలుపుకోవచ్చు. ఆలస్యం చేస్తే వడ్డీ పడుతుంది. కానీ ఆ ఏళ్లు ప్రత్యేక పథకంలోని ఇరవై ఏళ్ల లెక్కలోకి రావు.

ఫీల్డ్ ట్రైనింగ్

చాలా శాఖలు 1970ల మొదట్లో శాన్ హోజేలో పుట్టిన పద్ధతినే ఏదో ఒక రూపంలో వాడుతున్నాయి. ట్రైనింగ్ అధికారి రోజూ ఒక పరిశీలన పత్రం నింపుతాడు, ఒక్కో అంశానికి 1 నుంచి 7 దాకా మార్కు వేస్తాడు. మాజీ ఎంపీలకు యూనిఫాం, సమయపాలన, రేడియో మర్యాదలో మంచి మార్కులు పడతాయి. తగ్గేది సొంతంగా నిర్ణయం తీసుకోవడంలో, జనంతో మాట్లాడటంలో. ఏ పనికైనా డెస్క్ సార్జెంటు అనుమతి కోసం చూసే అలవాటు ఒంటరిగా కారులో ఉన్నప్పుడు పనికిరాదు. "సర్, వాహనం దిగండి" అని కవాతు గొంతుతో అరిస్తే మామూలు ట్రాఫిక్ ఆపడం కూడా గొడవై కూర్చుంటుంది. కిటికీ దగ్గర మొదటి వాక్యం మీ పేరు, శాఖ పేరు, ఎందుకు ఆపారో ఉండాలి. ఇంటి దగ్గర అద్దం ముందు కాకుండా, ఎవరినైనా కుర్చీలో కూర్చోబెట్టి పదిసార్లు చెప్పి చూడండి.

నేషనల్ గార్డ్‌లోనో రిజర్వ్ సైన్యంలోనో పార్ట్‌టైముగా కొనసాగుతుంటే, డ్రిల్లుకు (వారాంతపు సైనిక శిక్షణకు) వెళ్లినందుకు ఉద్యోగం పోకుండా 1994 నాటి యూసెరా చట్టం కాపాడుతుంది. అయినా డ్రిల్లు తేదీల ఏడాది పట్టిక మొదటి రోజే ట్రైనింగ్ కోఆర్డినేటర్ చేతిలో పెట్టండి. మీరు రాని వారాంతాల్లో ఆగిన దశ తర్వాత పొడిగిస్తారు, అది వైఫల్యం కింద రాకుండా ముందే కాగితం మీద ఉండాలి.